ఎడమ చేతి వాచీ

“ఆ వాచీ నీ చేతికివ్వను. నేనే పట్టుకొస్తాను” అంది వదిన, చెప్పుల్లో కాళ్లు పెడుతూనే.

“పట్టుకురండి. కావాలంటే గొలుసేసి మెడలో కట్టుకోండి” అన్నాను నేను.

నా నోరు జారితే మామూలుగా జారదు. వంటింట్లోంచి అత్తయ్య “అబ్బబ్బ, మళ్లీ మొదలెట్టారా!” అంది. వరండాలో కుర్చీలో ఉన్న మామయ్య మాత్రం ఇటు తిరగలేదు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని వీధిలోకే చూస్తున్నారు. తొమ్మిది రోజులుగా ఇదే వరస. వాచీ మాట ఎత్తితే చాలు, ఆయన చూపు వీధిలోకి వెళ్లిపోతుంది.

పొద్దున్న టీల దగ్గరే ఒప్పందం కుదిరింది. వదిన కళ్ల ముందు వాచీ మూత తీయించాలి. లోపలున్నది మామయ్య పాత మిషనే అయితే వదిన అందరి ముందూ నాకు క్షమాపణ చెప్పాలి. కాకపోతే సాయంత్రానికల్లా నేను బట్టలు సర్దుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోవాలి. ఈ రెండో మాట ఎవరూ అడగలేదు. కోపంలో నేనే అన్నాను. అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు మా వంశంలో లేదు.

ఆ మాట అన్నప్పుడు మా ఆయన ఎదురుగానే ఉన్నారు. అక్కకీ పెళ్లానికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క. కప్పులోకి చూస్తూ టీ తాగి, బస్సుకి టైమైందని లేచిపోయారు. ఆ బస్సు ఇంకో అరగంటకు గానీ రాదు. మామయ్య ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేశారు. ఏ బస్సు ఎప్పుడొస్తుందో ఈ ఇంట్లో గోడలక్కూడా తెలుసు.

అసలు గొడవంతా నా మంచితనం వల్లే వచ్చింది. మామయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయిన రోజున, ఆసుపత్రిలో నర్సు ఆయన చేతి నుంచి వాచీ తీసి నా చేతిలో పెట్టింది. ఆరు వారాలు అది నా బీరువాలో ఆగిపోయి పడుంది. కాలు తేరుకుంది, మాట తేరుకుంది, చెయ్యి ఇంకా తేరుకోవాలి. ఆయన ఇంటికొచ్చేలోపు వాచీ శుభ్రం చేయిస్తే సంతోషిస్తారు కదా అనిపించింది. ఎవరికీ చెప్పకుండా మా పుట్టింటి వీధిలో వాచీలు బాగుచేసే పెద్దాయనకిచ్చాను. ఇంటికొచ్చిన రోజు నేనే మామయ్య చేతికి కట్టాను. ఆయన కళ్లు చెమర్చాయి. రెండో రోజు అది ఆగిపోయింది.

ఊపితే నడిచింది. పెట్టుకుంటే మళ్లీ ఆగింది. తండ్రికి బాగాలేదని వచ్చి ఉంటున్న వదిన మూడో రోజు తేల్చేసింది. “ముప్పై ఏళ్లు ఒక్క పూట ఆగని వాచీ. నీ చేతి మీదుగా షాపుకెళ్లింది, చచ్చింది. లోపలి మిషను పీకేసి చిల్లర సామాను పెట్టారు. పైగా మీ పుట్టింటి వీధి షాపు. నిప్పు లేనిదే పొగ రాదు.”

ఆ మాటకు నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. దొంగ అని పేరు పెట్టి పిలవలేదంతే.

ఇద్దరం బయల్దేరాం. వదిన వాచీని చేతిరుమాల్లో చుట్టి, సంచిలో పెట్టి, సంచిని చంకలో ఇరికించుకుంది. నేను నాలుగడుగులు వెనకే నడిచాను. మార్చేసిందని మళ్లీ అనిపించుకోవడం ఎందుకు!

ఆ పెద్దాయన షాపంటే ఒక బల్ల, ఒక దీపం, రెండు స్టూళ్లు. ఎప్పుడూ కంట్లో భూతద్దం ఇరికించుకునే ఉంటారు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని భూతద్దం గారనే అంటుంది. అసలు పేరు వాళ్లావిడకైనా గుర్తుందో లేదో.

“ఏం పాపా, మళ్లీ వచ్చావ్?” అన్నారు నన్ను చూసి.

“పాపా!” అని వదిన నా వైపు ఒక చూపు చూసింది. ఇంత చనువుందన్నమాట అని దానర్థం.

“నన్ను పలకరించకండి బాబాయిగారూ. ఈవిడతోనే మాట్లాడండి. నేను ముద్దాయిని” అని గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. సంసారాల సంగతి తెలిసిన మనిషి, వాచీ కోసం చెయ్యి చాపారు. వదిన రుమాలు విప్పి వాచీని బల్ల మీద పెట్టింది. “దీని మూత నా ముందు తీయాలండీ. లోపల ఏముందో నేను చూడాలి.”

“తీద్దాం. ముందు ముఖం చూడండమ్మా. మనిషికైనా ముఖం చూశాకే కదా నాడి చూస్తాం” అని దీపం దగ్గరికి జరిపారు.

వదినకు తొందరగా ఉంది. ఆయనకు లేదు. వాచీని రెండు వేళ్లతో అంచుల దగ్గర పట్టుకుని పైకెత్తారు. “ఇది కోటు వేసుకున్న రోజు పెట్టుకునే వాచీ. చూడండి, ఎంత పల్చగా ఉందో. కఫ్ కిందకి జారిపోవాలి, గుడ్డ ఉబ్బకూడదు. అంకెలు లేవు, సన్నటి కడ్డీలే. పన్నెండు దగ్గర మాత్రం జంట కడ్డీ. అచ్చువేసినవి కావు, ఒక్కొక్కటీ విడిగా చేసి బిగించినవి. పన్నెండు చోట్లా ఉన్నాయి, ఒక్కటీ ఊడలేదు.”

“సెకన్ల ముల్లు ఊడిపోయిందేమో” అంది వదిన, దొరికిందన్నట్టు.

“అసలు పెట్టలేదమ్మా. పెద్దమనిషి నలుగురిలో కూర్చుని సెకన్లు లెక్కపెట్టకూడదని అప్పటి వాళ్ల లెక్క. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప నడుస్తోందో ఆగిందో తెలీదు.”

అది నిజం. మామయ్యే అనేవారు: “డిపో గోడ గడియారం డిపోది. సెకన్లు అది చూసుకుంటుంది. ఇది నా సొంత టైము.”

“డయలు మొదట్లో తెలుపు. వయసు మీద పడి వెన్న రంగుకొచ్చింది” అంటున్నారు భూతద్దం గారు. “ఈ నాలుగు దగ్గర ఆవగింజంత మచ్చ ఉంది చూశారా? ఎప్పుడో చెమ్మ తగిలింది. దీనికి కొత్త రంగు వేయిస్తారు కొంతమంది, తళతళలాడాలని. పాప కూడా అడిగింది. వద్దన్నాను. పెద్దాయన ముఖానికి సున్నం కొట్టినట్టుంటుంది.”

ఆ సంగతి ఆయన చెప్పకపోతే బాగుండేది. వదిన నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

“ఈ అంచులు చూడండి, ఇప్పటికీ ఎంత పదునుగా ఉన్నాయో. ఎవడూ మెరుగు పేరుతో అరగదీయలేదు. పట్టీ తగులుకునే నాలుగు కొమ్ముల దగ్గర మాత్రం బంగారు పూత పోయి అడుగు లోహం బయటపడింది. అది ముప్పై ఏళ్ల చెమట. కొని తెచ్చి పెట్టగలిగేది కాదు.”

“పైన మా నాన్నదే, ఒప్పుకుంటాను. లోపలి మాట చెప్పండి” అంది వదిన.

మూత అంచున పలుచని కత్తి పెట్టి ఆయన ఒక్క నొక్కు నొక్కారు. టక్కున ఊడింది. నాకు తెలియకుండానే నేను బల్ల దగ్గరికి వచ్చేశాను. తప్పు చేయలేదని నాకు తెలుసు. ఆయన చేయలేదని మాత్రం నాకెలా తెలుసు? అంత చిన్న అనుమానం నా మనసులోనూ ఉందని ఆ క్షణంలోనే తెలిసింది. చిన్నప్పటి నుంచి పాపా అని పిలిచిన మనిషి మీద! సిగ్గేసింది, భయమేసింది కూడా. ఆ మూత కింద వేరే ఏదైనా ఉంటే సాయంత్రం నా బతుకు బస్టాండే.

ఆయన ఊడిన మూతను తిరగేసి వదిన చేతిలో పెట్టారు. “లోపలి వైపు చూడండి. గీతలున్నాయి.”

“ఏవో గీకుళ్లు.”

“గీకుళ్లు కావు. వాచీ విప్పి కడిగినవాడు లోపల సూదితో గుర్తు గీస్తాడు. ఎవరు విప్పారు, ఏ నెల, ఏ ఏడు. మాలో జాగ్రత్తగలవాడైతే మిషను నంబరు కూడా గీస్తాడు. ఎందుకంటే రేపు మీలాంటివాళ్లు వచ్చి అడుగుతారు కదా. ఈ మూత మీద మూడు చేతులున్నాయి. కింద ఉన్నది నాది, పోయిన నెలది. పైన రెండూ నాకు తెలియని వాళ్లవి. మొదటిది ఇరవై ఆరేళ్ల కిందటిది. అప్పటికి నేనీ వాచీ ముఖం చూడలేదు.”

వదినకు ఆయన భూతద్దం ఇచ్చారు. కంట్లో పెట్టుకోగానే ఊడి పడింది. రెండోసారి పెట్టుకుంటే మూత మీద పడి డింగుమంది. మూడోసారి చెంప మొత్తం పైకి లాగి, నోరు ఒక పక్కకు పెట్టి ఎలాగో నిలబెట్టుకుంది. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

“ఇరవై ఆరేళ్ల నాటి నంబరు చదవండి. పైకి చదవండి.”

“నాలుగు... ఒకటి... ఏడు... ఏడు... సున్నా.”

“ఇప్పుడు మిషను మీద చదవండి. నేను చదివితే మళ్లీ నమ్మరు. అర్ధచంద్రంలా ఉన్న ఆ బిళ్లను కాస్త పక్కకు జరిపితే కింద చెక్కి ఉంటుంది.”

వదిన వంగింది. చాలాసేపు వంగే ఉంది.

“నాలుగు” అంది. ఆగింది. “ఒకటి. ఏడు. ఏడు.” చివరి అంకె పైకి చదవలేదు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టి స్టూలు మీద కూలబడింది. “సున్నా” అంది నెమ్మదిగా.

గుండెల మీద నుంచి కొండ దిగినట్టయింది నాకు. ఏడుపొచ్చింది. వదిన ముందు ఏడవకూడదని వీధి వైపు తిరిగాను. మామయ్య అలవాటు నాకూ వచ్చినట్టుంది.

అయితే వదిన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. “పాతదే అయితే పాతలాగే నడవాలిగా! మరెందుకు ఆగుతోంది?”

“నా దగ్గర ఆగలేదే. కడిగాక నాలుగు రోజులు నా చేతికే పెట్టుకుని తిరిగాను. నిమిషం తేడా రాలేదు. ఎవరు పెట్టుకుంటున్నారమ్మా?”

“మా నాన్న.”

“ఏం చేస్తుంటారు?”

“ఏం చేస్తారు, ఇంట్లోనే. రెండు నెలలు కూడా కాలేదు పక్షవాతం వచ్చి. ఎడమ చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు.”

భూతద్దం గారు వాచీని అరచేతిలో పెట్టి ఇటూ అటూ వంచారు. లోపలి అర్ధచంద్రం బిళ్ల చప్పుడు లేకుండా ఇటు తిరిగింది, అటు తిరిగింది. “దీనికి తిండి పెట్టేది ఇదేనమ్మా. చెయ్యి ఆడితే ఇది తిరుగుతుంది, ఇది తిరిగితే స్ప్రింగు చుట్టుకుంటుంది. పక్కనున్న బొడిపె టైము దిద్దుకోవడానికే. కొన్నిట్లో దాన్ని తిప్పి చావీ కూడా ఇవ్వొచ్చు, ఈ రకంలో కుదరదు. చెయ్యి ఆడకపోతే ఒకటిన్నర రోజుకు మించి బతకదు.”

“ఆటోమేటిక్ అంటే దానంతట అది నడిచేది కాదా?”

“దానంతట అది నడిచేది ఈ లోకంలో ఏదీ లేదమ్మా.”

మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా అందరం అలాగే అనుకున్నాం. చావీ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, మామయ్యలాగే దాని పని అది చేసుకుపోతుంది అని.

“కానీ మా నాన్న కసరత్తు చేస్తున్నారండీ” అంది వదిన. “పొద్దున యాభై, సాయంత్రం యాభై. కుడి చేత్తో సాయం పట్టి ఎడమ చెయ్యి ఎత్తి దించాలి. వాచీ పెట్టుకునే చేస్తారు. ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒక్క పూట మానలేదు.”

“రోజుకు వందసార్లా?” ఆయన వాచీ వైపు చూశారు. “అయితే ఇలా చచ్చి ఉండకూడదే. మీరు చూస్తుండగా చేస్తారా?”

“తలుపేసుకుంటారు. ఒకరు చూస్తుంటే చేయలేనంటారు. పైకి లెక్కపెడతారు, మేం బయటి నుంచి వింటాం.”

చెప్పిన మాట తన చెవినే పడ్డట్టు వదిన ఆగిపోయింది. భూతద్దం గారు మూత తీసుకుని, గుడ్డతో తుడిచి, జాగ్రత్తగా నొక్కి బిగించారు.

నేను పదేళ్లుగా మగవాళ్ల చొక్కాలూ కోట్లూ సవరించే షాపులో పనిచేస్తున్నాను. చొక్కా చూసి మనిషి ఎలా కూర్చుంటాడో చెప్పగలను. పదకొండు రోజులుగా మామయ్య చొక్కాలు నేనే ఉతుకుతున్నాను. కుడి కఫ్ మాసి ఉంటోంది. ఎడమ కఫ్ మీద ఇస్త్రీ మడత కూడా చెదరడం లేదు. నా మీద పడ్డ నింద చూసుకోవడంలో, కళ్ల ముందున్నది చూడలేకపోయాను. కళ్లుండీ గుడ్డిదాన్ని.

తిరుగుదారిలో ఈసారి నాలుగడుగుల దూరం లేదు. వదిన నా పక్కనే నడుస్తోంది. సంచి చేతిలో వేలాడుతోంది.

“డాక్టరు ఏమన్నాడో గుర్తుందా?” అంది. “ఈ రెండు మూడు నెలలే ముఖ్యం అన్నాడు. ఇప్పుడు ఆడించకపోతే ఇక ఆ చెయ్యి రాదన్నాడు.”

“గుర్తుంది.”

“పదకొండు రోజులు పోయాయి.”

“పదకొండే కదా వదినా పోయింది. నెలాఖరున కసరత్తు నేర్పిన ఆసుపత్రి అమ్మాయి వచ్చి చూసేదాకా తెలియకపోతే ఏమయ్యేది? ఇంకా నయం, వాచీ ఆగింది కాబట్టి తెలిసింది.”

నా నోట ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు. కానీ అన్నాక నిజమే అనిపించింది. వదిన కళ్లు తుడుచుకుంది.

“నాన్నకి మనకు తెలిసిందని చెప్పొద్దు” అంది. “సిగ్గుతో చచ్చిపోతాడు. స్ప్రింగు పోయిందట, మార్చాలట అందాం. చెయ్యి సంగతి నెమ్మదిగా చూద్దాం. మిషను పాతదేనని మాత్రం నేనే చెబుతాను. నీ మీద మాట పడనివ్వను.”

“తొమ్మిది రోజులు పడ్డాక ఇప్పుడు పడనివ్వరా?”

వదిన తల దించుకుంది. నాకు ఇంకా నాలుగు మాటలు నాలిక చివర ఉన్నాయి. మింగేశాను. అంత కష్టపడి నేనెప్పుడూ ఏదీ మింగలేదు.

వరండాలో మామయ్య అలాగే కూర్చుని ఉన్నారు. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. వదిన రుమాలు విప్పి వాచీని ఆయన ముందు స్టూలు మీద పెట్టింది.

“మిషను పాతదే నాన్నా. నంబరు నా కళ్లతో నేను చూశాను. మరదలి తప్పు ఏమీ లేదు. నేనే తొందరపడ్డాను” అని గబగబా అనేసి, “స్ప్రింగు అరిగిందట” అంది.

“అరగలేదు, తెగింది” అన్నాను నేను. ఇద్దరం ఒకేసారి అన్నాం.

“అరిగి తెగింది” అంది వదిన.

అబద్ధమాడటంలో మాకు అనుభవం చాలదు. మామయ్య నా ముఖం చూశారు, కూతురి ముఖం చూశారు. తొమ్మిది రోజుల్లో ఆయన నా కళ్లలోకి చూడటం అదే మొదటిసారి.

“స్ప్రింగు బాగానే ఉంది” అన్నారు. “చెయ్యే బాగాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు చేశాను నేను.”

అత్తయ్యకు అర్థం కాలేదు. “ఏమిటండీ మీరనేది?”

“నేను కసరత్తు చేయడం లేదు. ఇంటికొచ్చిన రోజు తలుపేసుకుని ఎత్తాను. నాలుగోసారికి జారిపోయింది. ఎదురుగా బీరువా అద్దంలో కనిపించింది. అది నా చెయ్యి కాదనిపించింది. తర్వాత ఎత్తలేదు. కూర్చుని లెక్కపెట్టాను, అంతే.”

“యాభై దాకానా?”

“యాభై దాకా.”

అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుంది. “నలభై వినపడగానే నేను స్టవ్ మీద టీ పెట్టేదాన్ని! యాభైకి పొంగేది! పాపం కష్టపడుతున్నారని పంచదార ఒక చెంచా ఎక్కువేశాను! పొద్దునా సాయంత్రం పదకొండు రోజులు! ఇరవై రెండు టీలు ఉత్తపుణ్యానికి తాగారా?”

ముందు వదిన నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. మామయ్య పెదవి కూడా కదిలింది. కానీ నాకు నవ్వు రాలేదు. ఒక లెక్క మిగిలిపోయింది.

“మామయ్యా, రెండో రోజు వాచీ ఆగినప్పుడే ఎందుకు ఆగిందో మీకు తెలుసా?”

“తెలుసు.”

“వదిన నన్ను అన్నప్పుడు?”

“అప్పుడూ తెలుసు.” ఆయన ఎడమ చేతిని ఒళ్లోకి లాక్కున్నారు. “అందరూ వాచీ మీద పడ్డారు, పోనీలే అనుకున్నాను. తర్వాత నీ మీదకొచ్చింది. నువ్వు నోరున్నదానివి, తట్టుకుంటావనుకున్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.”

“నోరున్నవాళ్లకు నొప్పి ఉండదా మామయ్యా?”

ఆయన కుడి చేత్తో కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డారు. పడతారేమోనని నేను ముందుకు వెళ్లాను. “తప్పు చేశానమ్మాయ్. పెద్దవాణ్ని, చేయకూడని తప్పు. క్షమించు” అన్నారు, అత్తయ్యా కూతురూ వింటుండగా.

ముప్పై నాలుగేళ్లు డిపోలో డ్రైవర్ల చేత క్షమాపణలు చెప్పించుకున్న మనిషి. “కూర్చోండి మామయ్యా, చాల్లెండి” అన్నాను. కోపం ఎటు పోయిందో వెతికినా దొరకలేదు.

“క్షమాపణలు తర్వాత” అంది అత్తయ్య కొంగు బిగించి. “ముందు చెయ్యి ఎత్తండి. ఇక్కడే. తలుపులూ లేవు, అద్దాలూ లేవు. లెక్క నేను పెడతాను.”

వదిన మోచెయ్యి కింద పట్టుకుంది. నేను మణికట్టు దగ్గర పట్టుకున్నాను. బరువుగా, చల్లగా ఉంది. ఒకటి, రెండు అని అత్తయ్య అరుస్తుంటే వీధిలో వెళ్లేవాళ్లు తిరిగి చూశారు. మామయ్య నుదుటి మీద చెమట పట్టింది. ఐదోసారి నా వేళ్ల కింద ఆయన నరం ఒకటి కదిలింది. అది నా బలం కాదు, వదిన బలం కాదు.

“నాన్నా! నువ్వే ఎత్తావు!” అంది వదిన.

“అరవకండి, లెక్క తప్పుతుంది. ఆరు” అంది అత్తయ్య. ఆరు దగ్గర మామయ్య ఇక చాలన్నారు. “ఆరుకి టీ రాదు, మంచినీళ్లే” అంది అత్తయ్య. కానీ లోపలికెళ్లి టీయే పెట్టింది.

ఆ సాయంత్రం మా ఇల్లు ఇల్లులా ఉంది. వదిన వంటింట్లో నా పక్కన నిలబడి కూరగాయలు తరిగింది. “నువ్వు తరిగితే ముక్కలు పెద్దవొస్తాయి” అని వంక కూడా పెట్టింది. ఆ వంక విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మా ఆయన వచ్చేసరికి వరండాలోనే అత్తయ్య మొత్తం చెప్పేసింది. అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. విని ఆయన పెద్దగా నవ్వారు. తండ్రి భుజం మీద చెయ్యేశారు. ఈలపాట కూడా పాడుకుంటూ గదిలోకి వచ్చారు.

“హమ్మయ్య! పీడా విరగడైంది” అన్నారు చొక్కా గుండీలు విప్పుతూ. “నేను అనుకుంటూనే ఉన్నాను, నీ తప్పు ఉండదని.”

“అనుకున్నారా?” నాకు నిజంగా సంతోషం వేసింది. “ఎప్పుడు?”

“మొదటి నుంచీ! నువ్వు అలాంటి పని చేస్తావా? అక్క నోరెత్తిన రోజే అనుకున్నాను, ఇది ఉత్త మాట అని. నీ మీద నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు తెలుసా?”

ఆయన నవ్వుతూ నా వైపు చూస్తున్నారు, మెచ్చుకుంటాననుకుని. పొద్దున్న ఎదురుగా కూర్చుని టీ తాగిన మనిషి. నేను ఇల్లు వదిలి పోతానంటే రాని బస్సు కోసం లేచివెళ్లిన మనిషి.

“అనుమానం ఉండి ఊరుకున్నారేమో అనుకున్నాను” అన్నాను. “దానికి నా మనసుకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా. తెలిసే ఊరుకున్నారా?”

ఆయన నవ్వు ఆగింది. ఆయన మంచం అంచున కూర్చున్నారు.

“అన్నం చల్లారిపోతోంది, రండి!” అని అత్తయ్య వంటింట్లోంచి కేకేసింది. చాలా రోజులకు ఆ గొంతులో హుషారు ఉంది.

“మీరు కానివ్వండి అత్తయ్యా, మేం తర్వాత వస్తాం” అని బదులు చెప్పి, నేను లోపలి నుంచి తలుపు గడియ పెట్టాను.